మేడమ్ దిద్దాలనుకున్న నియమం

మేడమ్ పోయారని బుధవారం పొద్దున ఆమె తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్క పోయిందమ్మా. దవాఖానల నిన్నటిదాక మంచిగనే మాట్లాడింది," అన్నాడు. ఏడుపు కంటే ముందు నాకు వచ్చింది భయం. అది దాచిపెట్టి ఆమె గురించి నాలుగు మంచి ముక్కలు రాయడం నాకు చేతకాదు.

ఆమె మా కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. ఆడవాళ్లకు మాత్రమే ఇచ్చే పరిశోధన సీటు అక్కడ ఒకటుంది, ఏడాదికి ఒక్కరికి. దాన్ని కొట్లాడి తెచ్చింది మేడమే. ఆమె చదువుకునే రోజుల్లో ల్యాబుకంతా ఒక్కతే ఆడపిల్లట. మగపిల్లలు లోపల గడియ పెట్టుకుంటే, వాళ్లు బయటికొచ్చేదాకా వరండాలో నిలబడి ఎదురుచూసేవారట. నేను ట్రాన్స్ మహిళను. మూడేళ్ల కింద ఆ సీటుకు దరఖాస్తు పెట్టినప్పుడు అడ్డు చెప్పింది కూడా మేడమే. "పుట్టుకతో స్త్రీలైన వారికి మాత్రమే" అని నియమాల్లో తన చేత్తో రాసిచ్చారు. ఆ తర్వాత చాన్నాళ్లు ఆమె ఎదురొస్తే నేను దారి మార్చేదాన్ని.

సీటు రాకపోయినా, మొక్కల నమూనాలు ఎండబెట్టి దాచే గదిలో సహాయకురాలిగా పని దొరికింది. రిటైరైనా మేడమ్ రోజూ అక్కడికే వచ్చేవారు. గొడుగు కిటికీకి తగిలించి, మొక్కల మధ్య పెట్టిన పాత పేపర్లు మార్చేవారు. మారుస్తూ వాటిలో ఎప్పటివో వార్తలు ఇవాళ జరిగినట్టే చదివి వినిపించేవారు. "అగో, ఉల్లిగడ్డ మల్ల పిరమైందట." నన్ను మాత్రం ఆరు నెలలు ఏ పేరుతోనూ పిలవలేదు. "ఇగో" అనేవారు, అంతే.

ఒక సాయంత్రం ల్యాబులో ఉన్న మగ స్కాలర్లు గడియ పెట్టుకుని నాకు తలుపు తీయలేదు. వరండాలో నిలబడ్డ నన్ను మేడమ్ చూశారు.

"ఎంతసేపాయె?"

"గంట అయితాంది మేడమ్."

మేడమ్ వాళ్లు తెరిచేదాకా గొడుగు పిడితో తలుపు కొట్టారు. మర్నాటి నుంచి నన్ను "బిడ్డా" అని పిలిచారు.

అలాగని ఒక్కరోజులో మారిపోలేదు. సీటు విషయంలో రోజూ నాతో వాదించేవారు. అదే సీటు కోసం చూస్తున్న నర్సంపేట అమ్మాయి ఒకసారి నా ముఖం మీదే అంది: "అక్కా, నీకు వేరే సీటు అడుగు, నేను గూడ సంతకం పెడత. మాకున్నదే ఒక్కటి." సెలవుల్లో పత్తి ఏరి చదువుకున్న పిల్ల. అయినా నాకు ఒళ్లు మండింది. మేడమ్ మాత్రం, "ఆ పిల్ల భయం అబద్ధం కాదు బిడ్డా. ఇంకొక సీటు కోసం నేను మల్ల కొట్లాడుత. గని నిన్ను బయట నిలవెట్టి కాదు," అన్నారు.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. మొక్కకు తప్పు పేరు రాశామని తేలితే పాత చీటీ పీకేయం. పక్కనే కొత్తది అంటిస్తాం. పోయిన నెల మేడమ్ అలా అంటిస్తూ అంటిస్తూ ఆగారు. "ఎవరు తప్పు చేసిన్రో, ఎవరు దిద్దిన్రో, రెండూ కనవడాలె. నేను రాసిన నియమం గూడ తప్పే. దాని పక్కకు కొత్తది నేనే రాస్త. సోమవారం సీటు కమిటీకి ఇస్త." నా ముందు అంత పెద్దావిడ తన తప్పు ఒప్పుకుంది. ఇంతకు మించిన గౌరవం నాకెవరూ ఇవ్వలేదు.

ఆ సోమవారం రాకముందే, ఆదివారం చర్చి మెట్ల మీద పడిపోయారు. ఆ కాగితం రాయనే లేదు. ఆ మాట విన్నది నేనొక్కదాన్నే. ఈ ఏడు దాటితే ఆ సీటుకు నా వయసు కూడా దాటిపోతుంది.

సమాధి చేసిన మూడో రోజే కమిటీ కార్యదర్శి మేడమ్ ఇంటికొచ్చి ఆమె కాగితాలన్నీ పట్టుకుపోయాడు. నేను మేడమ్ అన్న మాట చెప్పబోతే చేయెత్తి ఆపాడు. "ఇప్పుడు గవన్నెందుకమ్మా. సంతాప సభకు రా. ముందు వరుసల కూసో, దగ్గరి మనిషివి." మూడేళ్లలో ఆయన నన్ను కూర్చోమనడం అదే మొదటిసారి.

సభలో దండ వేసిన ఫొటో పక్కన ఆమె చేతిరాతను పెద్దది చేసి ఫ్రేము కట్టించి పెట్టారు. నన్ను ఆపడానికి రాసిన వాక్యమే అది. నర్సంపేట అమ్మాయి దాన్ని చూసి, నన్ను చూసి, తల దించుకుంది. కార్యదర్శి తీర్మానం చదివాడు. సీటుకు ఇకమీదట మేడమ్ పేరు. ఆమె రాసిన నియమంలో ఎన్నటికీ అక్షరం మార్చరు.

"దీనికి ఒప్పుకునేటోళ్లందరు లేచి, మేడమ్ ఆత్మశాంతికి రెండు నిమిషాలు మౌనం పాటించండి," అన్నాడు.

కుర్చీలు కదిలాయి. మేడమ్ కోసం హాలంతా లేస్తుంటే నేనెలా కూర్చోను? లేచి, చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆ మౌనంలో కార్యదర్శి కళ్లజోడు సవరించుకుని, మా వరుసను ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూసి, తీర్మానం కింద ఒక్క మాట రాశాడు. ముందు వరుసలో ఉన్నాను కదా, స్పష్టంగా కనబడింది: ఏకగ్రీవం.