నేను వెళ్ళని రెండో పరీక్ష

మా తమ్ముడి కోడలికి రెండుసార్లు కడుపు పోయింది. ఈసారి డాక్టరమ్మ మగవాడికీ ఇంకో పరీక్ష కావాలన్నది. తమ్ముడు బతికి లేడు కనుక, రిపోర్టు వచ్చిన రోజు వాడి కొడుక్కి తోడుగా నేనే వెళ్ళాను.

డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. "సంఖ్య బాగుంది, కదలిక బాగుంది. మొదటి పరీక్షలో చూసేది అంతే. వీర్యకణం తన పని చేయగలదా లేదా అన్నది దాంట్లో తెలియదు. ఇందులో చూస్తే కణాల లోపలి డీఎన్‌ఏ చాలావరకు తెగి ఉంది. గర్భం వచ్చినా నిలవడం కష్టం. దారులున్నాయి. ముందు జర్దా నమలడం మానెయ్యాలి. వచ్చేసారి ఇద్దరూ కలిసి రండి."

నాకు నా పాత డైరీ గుర్తొచ్చింది.

పెళ్ళయిన ఆరో ఏడు నేనూ మొదటి పరీక్ష చేయించుకున్నాను. నార్మల్ అని వచ్చింది. లెక్క ఒక్కటే చాలదు, ఇంకొకటి కావాలని అప్పటి డాక్టరూ అన్నాడు. ఆ రోజు డైరీలో 'అవసరం లేదు' అని రాసుకున్నాను. ఆ తర్వాత నా భార్య మింగిన మందులు, ఆపరేషన్లు, ఉపవాసాలు తేదీలతో సహా రాశాను. లాడ్ బజార్‌లో మాది గాజుల దుకాణం. సీమంతాలకు గాజుల జతలు ఆమే ఇంట్లో కూర్చుని కట్టేది. పిల్లల్లేరని తొడగడానికి మాత్రం ఆమెను ఎవరూ పిలవలేదు. ఆమె పోయి నాలుగేళ్లు. లోపం నాదో కాదో ఇక తెలియదు.

ఆసుపత్రి మెట్ల మీద తమ్ముడి కొడుకు ఆగాడు.

"పెద్దబాపు, ఇంట్ల చెప్పకు. పాత రిపోర్ట్ ఉన్నది గద, గదే చూపిస్త."

"ఇద్దర్ని రమ్మన్నది గదరా."

"అమ్మకు తెలిస్తే బస్తీ మొత్తం తెలుస్తది. దుకాణంల ఎట్ల కూసోవాలె నేను? నీకేంది, నీది నార్మలంట. నా తిప్పలు నీకేం తెలుస్తయి."

అప్పుడే నా సంగతి చెప్పాల్సింది. మెట్లు దిగి ఆటోను పిలిచాను. ఇద్దరం మొఘల్‌పురాలో ఇంటికి చేరాం.

కోడలు తలుపు తీసింది. "ఏమన్నరు మామా?" అని నన్నే అడిగింది.

"అంతా మంచిగనే ఉన్నదంట," అన్నాడు వాడు. "నువ్వే ఇంకో డాక్టర్‌కు చూపించుకోవాలె."

ఆమె మళ్ళీ నా ముఖంలోకి చూసింది. నేను అబద్ధమాడనని ఆ పిల్లకు నమ్మకం.

చెప్పులు విడిచి, మంచినీళ్లు తెమ్మన్నాను. ఆమె లోపలికి వెళ్ళింది.