సమీకరణంలో రాయని వేడి

నా చిన్నప్పుడు కోరుట్లలో దసరా దగ్గర పడుతోందంటే మా ఇంటికి సున్నం చాచా వచ్చేవాడు. పక్క గల్లీలో ఉండేవాడు. ఊళ్ళో సగం గోడలకు సున్నం వేసింది ఆయనే కాబట్టి అందరూ ఆ పేరుతోనే పిలిచేవారు.

నేను పదో తరగతి చదువుతున్న ఏడాది, ఆయన మా వాకిట్లో ఇనుప డ్రమ్ములో సున్నపు గడ్డలు పోసి, చెంబుతో కొంచెం కొంచెంగా నీళ్ళు పోస్తున్నాడు. ఆ నెలే బడిలో రసాయన సమీకరణాలు చెప్పారు. పరీక్షలో నాకే ఎక్కువ మార్కులు. ఆ చదువు చూపించుకోవాలని బొగ్గుముక్క తీసుకుని గోడ మీద పెద్దగా రాశాను: CaO + H₂O → Ca(OH)₂.

"గిదేంది బిడ్డా?" అన్నాడు చాచా.

బాణానికి ఎడమ పక్కన ఉన్నవి పొడి సున్నం, నీళ్ళు అనీ, కుడి పక్కది అవి కలిసి అయ్యే తడి సున్నమనీ, ఇలా రెండు కలిసి ఒకటైతే సంయోగమంటారనీ చెప్పాను. సున్నపురాయిని బట్టీలో కాలిస్తే ఒకటే రెండుగా విడిపోతుంది కనుక అది వియోగమనీ చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. "మంచిగ చెప్పినవ్. జర దూరం ఉండు," అని, వడకట్టే గుడ్డ కోసం లోపలికి వెళ్ళాడు.

అంతా తెలిసినదాన్నే కదా, ఇన్ని చెంబులెందుకు అనిపించింది. బకెట్ ఎత్తి ఒక్కసారే కుమ్మరించాను. డ్రమ్ము బుసబుసమని పొంగింది. వంగి చూడబోతుంటే చాచా వచ్చి నన్ను పక్కకు లాగాడు. నా కళ్ళలో పడాల్సిన సున్నం ఆయన ముంజేతి మీద పడింది.

అమ్మ గోళెంలో నీళ్ళన్నీ ఆ చేతి మీద పోసింది. అయినా బొబ్బలు లేచాయి. సాయంత్రం నాన్న అడిగితే చాచా, "నేనే జర తొందరపడ్డ," అన్నాడు. నేను ఏడుస్తూ నిజం చెప్పేశాను.

చాచా అన్నాడు, "ఏడ్వకు బిడ్డా. గా డ్రమ్ముల గంత ఉడుకు పుట్టింది గదా, నువ్వు రాసిన దాంట్ల గది ఏడుంది?"

పుస్తకంలో ఉంది. అది లేకపోయినా మార్కులు వేస్తారని నేనే వదిలేశాను. లేచి వెళ్ళి గోడ మీద '+ వేడి' అని కలిపాను.

ఆ పండుగకు ఆయన కుంచె పట్టలేకపోయాడు. ఆయన ఒప్పుకున్న ఇళ్ళకు నాన్నే వెళ్ళి సర్దిచెప్పి వచ్చాడు. మా గోడలకు మాత్రం, ఆయన కూర్చుని చెబుతుంటే నేనే సున్నం వేశాను. "గాలి తాకి తాకి మల్ల రాయైతది, సూడు," అన్నాడు. తడి సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడుతో కలిసి మళ్ళీ సున్నపురాయి అవుతుందనే, పుస్తకంలోని మూడో సమీకరణం అప్పుడు అర్థమైంది.

తర్వాత జగిత్యాలలో కెమిస్ట్రీ టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పటికీ మనవరాలు నోటుబుక్కులో సమీకరణం రాసి చూపిస్తే, రెండు వైపులా సరిపోయిందా లేదా అన్నది తర్వాతే చూస్తాను. ముందు అడిగేది ఒకటే: ఇది జరుగుతున్నప్పుడు దగ్గర ఎవరు నిలబడి ఉంటారు?