మా క్లాసు జూ రాసింది నేను కాదు

పోయిన నెలలో ఒక పొద్దున టీ తాగుతూ ఫోన్ చూస్తే, మా పదో తరగతి వాళ్ల గ్రూపు పేరు మారిపోయి ఉంది. అంతకుముందు బడి పేరూ, మేము చదివిన సంవత్సరమూ ఉండేవి. ఇప్పుడు 'మన జూ' అని పెట్టారు. పక్కనే ఒక సింహం, ఒక ఒంటె, ఒక మొసలి బొమ్మలు. జగిత్యాలలో ఒక ఫంక్షన్ హాలు మాట్లాడుకున్నామనీ, ముప్పై ఏళ్ల తర్వాత అందరం కలుస్తున్నామనీ, ఆ రోజు నేను స్టేజీ మీద మా క్లాసు జూ మళ్లీ చదవాల్సిందేననీ కింద వరసగా మెసేజ్‌లు. 'జూ కీపర్ రాకపోతే గేటు తియ్యం' అని మా ఒంటె రాశాడు. ఒంటె ఇప్పుడు ఎరువుల దుకాణం నడుపుతాడు. ఆ మెసేజ్‌లన్నీ చదివి నేను కూడా నవ్వాను. ఆ కింద చిన్న అక్షరాలతో ఒక కొత్త నంబరు గ్రూపులో చేరినట్టు కనిపించింది. ఎవరని అడిగితే ఉట్నూర్ దిక్కు అంగన్‌వాడీ టీచర్‌గా పనిచేస్తున్న మా క్లాసు అమ్మాయి అని చెప్పారు. ఆ తర్వాత టీ చల్లారిపోయింది గానీ నేను తాగలేదు.

తెలియనివాళ్ల కోసం ఈ జూ సంగతి మొదటి నుంచి చెప్పాలి. మాది ధర్మపురి రోడ్డు మీద ఒక చిన్న ఊరి హైస్కూలు. పదో తరగతిలో ఉండగా చలికాలంలో మమ్మల్ని బస్సులో హైదరాబాద్ జూపార్కుకు తీసుకుపోయారు. తెల్లారకముందే బయలుదేరితే సగం మంది సిద్దిపేట రాకముందే కిటికీల్లోంచి వాంతులు చేసుకున్నారు. తీరా పోయి చూస్తే పులి పడుకుని ఉంది. ఎంత పిలిచినా లేవలేదు. మా హిందీ సార్ దానితో ఉర్దూలో కూడా మాట్లాడి చూశారు. మేము జంతువులను చూసినదాని కంటే జంతువులే మమ్మల్ని ఎక్కువ చూశాయని నాకిప్పటికీ అనుమానం. అరవై మందిమి ఒకే రంగు నిక్కర్లు, లంగాఓణీలు వేసుకుని, పల్లీలు నములుతూ, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని వరసగా నడుస్తుంటే ఏ కోతికైనా వింతగానే ఉంటుంది. తిరుగు ప్రయాణంలో నాకు ఆలోచన వచ్చింది, మా క్లాసులో ఒక్కొక్కడూ ఒక్కో జంతువు లాగే ఉన్నాడు కదా అని.

ఆ చలికాలమే నాకు కామెర్లు వచ్చి నెల రోజులు బడికి పోలేదు. తిరిగి పోయాక సోషల్ టీచర్ ఒక అమ్మాయి నోట్సు నాకిప్పించింది. ఆ అమ్మాయి కిటికీ పక్క బెంచీలో కూర్చునేది. మధ్యాహ్నం క్లాసుల్లో ఎప్పుడు చూసినా తల వాల్చి నిద్రపోయేది. అయినా నోట్సు మాత్రం ఒక్క పాఠం తప్పకుండా గుండ్రటి అక్షరాలతో నిండి ఉండేది. ఎట్లా రాసేదో మాకు అర్థమయ్యేది కాదు. అప్పుడు మా బడిలో ఆడపిల్లలూ మగపిల్లలూ మాట్లాడుకునే పద్ధతి లేదు. పుస్తకం అడగాలన్నా టీచరే మధ్యలో ఉండాలి. నేను ఆ నోట్సు ఎక్కించుకుంటూ, విసుగొచ్చినప్పుడు దాని చివరి పేజీలో పెన్సిల్‌తో మా వాళ్ల పేర్లూ, పక్కన జంతువుల పేర్లూ రాసుకున్నాను. ఫలానావాడు సింహం, ఫలానావాడు జిరాఫీ, ఇంకొకడు ఒంటె. అంతే. అందులో పెద్ద చమత్కారమేమీ లేదు. తుడపడం మరిచిపోయి అట్లాగే ఇచ్చేశాను.

రెండోసారి నోట్సు నా చేతికి వచ్చినప్పుడు చివరి పేజీ నిండిపోయి ఉంది. నా పెన్సిల్ పేర్ల కింద నీలం సిరాతో గుండ్రటి అక్షరాలు. 'సింహం: జూలు పెద్దది. ఇంట్ల అవ్వ పిలిస్తే పిల్లి లెక్క పోతడు.' 'జిరాఫీ: మెడ మామూలుగనే ఉంటది. పరీక్షలప్పుడే పెరుగుతది.' 'ఒంటె: ఒక్క పగటీలి మంది బువ్వ డబ్బలన్ని తిని మూడొద్దులకు నింపుకుంటడు.' 'మొసలి: సార్ ఇంక కట్టె పట్టనే లేదు, ఏడుపు షురూ.' నేను ఇంటి వెనక జామచెట్టు కింద కూర్చుని ఒక్కణ్ణే నవ్వి నవ్వి, కామెర్లు మళ్లీ తిరగబెట్టాయేమో అని మా అవ్వ బయటికొచ్చి చూసేదాకా నవ్వాను. అట్లా నాలుగైదుసార్లు నోట్సు అటూ ఇటూ తిరిగింది. నేను జంతువు పేరు పెట్టేవాణ్ణి, ఆమె ఆ జంతువుకు ప్రాణం పోసేది. ఒకసారి 'ఒంటె నిజంగ ఎట్లుంటది?' అని రాసింది. ఆమె మాతో జూకు రాలేదు. నేను ఒంటె బొమ్మ గీశాను, అది బర్రె లాగ వచ్చింది. నా పేరు పక్కన తనే ఒక పేరు పెట్టింది. 'చిలుక: పక్కోళ్ల మాట మస్తు అప్పజెప్తది.' నేను పద్యాలు గడగడా అప్పజెప్పేవాణ్ణి, అందుకని. తన పేరు దగ్గర మాత్రం ఒకటే రాసింది: 'నాకు పెట్టకు. నేను జూ చూడలే.'

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. ఒకరోజు లెక్కల సార్ బెంచీల మధ్య నడుస్తూ నా దగ్గర ఆగి ముక్కు ఎగబీల్చారు. 'ఏందిర, నీ కాడ బీడీ వాసనొస్తుంది?' అన్నారు. నా సంచీ తీసి వాసన చూశారు. ఇంక అడగడం లేదు, చెప్పడం లేదు. చెయ్యి చాపమన్నారు. రెండు దెబ్బలు పడ్డాయి. మూడోది లేపేసరికి కిటికీ పక్క నుంచి ఆ అమ్మాయి లేచి నిలబడింది. 'సార్, ఆయిన తాగలే. గా సంచిల నా నోట్సున్నది. మా ఇంట్ల తంబాకు సంచి పక్కపొంటనే పుస్తకాలు పెడ్త. రాత్రిళ్లు నేను, మా అవ్వ బీడీలు చేస్తం' అంది. సార్ కట్టె దించేశారు. 'కూసో బిడ్డా' అని ఆమెతో అన్నారు, నాతో ఏమీ అనలేదు. మా క్లాసులో సగం మంది ఇళ్లల్లో ఆడవాళ్లు ఒళ్లో చాట పెట్టుకుని తునికాకు కత్తిరించి బీడీలు చుట్టేవాళ్లే. కానీ ఎవరూ క్లాసులో పైకి చెప్పుకునేవాళ్లు కాదు. ఆమె చెప్పింది, నా చెయ్యి కాపాడడానికి. పగలు నిద్ర ఎందుకో, జూకు ఎందుకు రాలేదో అప్పుడు మాకు తెలిసింది. ఆ మర్నాటి నుంచి కొందరు ఆమె పక్క నుంచి పోయేటప్పుడు ముక్కు మూసుకోవడం మొదలుపెట్టారు. నేను మూసుకోలేదు. మూసుకున్నవాళ్లను ఏమీ అనలేదు కూడా.

మార్చిలో వీడ్కోలు సభ. ఎవరైనా ఏదైనా చేసి నవ్వించండ్రి అన్నారు. నేను ఆ చివరి పేజీ చింపి జేబులో పెట్టుకుని పోయాను. నోట్సు అంతకుముందు రోజే తిరిగి ఇచ్చేశాను. చింపిన అంచు చూసి ఆమె ఏమనుకుందో తెలియదు. స్టేజీ ఎక్కి చదివాను. ఒక్కొక్క మాటకు బెంచీలు విరిగేటట్టు నవ్వారు. చిలుక దగ్గరికి వచ్చేసరికి ఆ వరస దాటేశాను. ఎవరు రాశారని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. అయిపోయింది అనుకుని కాగితం మడుస్తుంటే వెనక నుంచి ఒకడు ముక్కు మూసుకుని 'గామెకేం పేర్ర?' అని అరిచాడు. ఇంకో పది గొంతులు కలిశాయి. నాకు పెట్టకు అని ఆమె రాసిన మాట నా చేతిలోని కాగితం మీదనే ఉంది. చదవలేదు. 'కొండచిలువ! మెసలదు, పండుకుంటది!' అన్నాను. ఆ రోజు అన్నిటికంటే పెద్ద నవ్వు దానికే వచ్చింది. ఆ జూ మొత్తంలో నేను సొంతంగా చేసిన హాస్యం అదొక్కటే.

ఆ చప్పట్లు నా బతుకును మార్చేశాయి. వీడు మాటకారి అని పేరు వచ్చింది. కాలేజీలో నాటకాలు, ఆ తర్వాత తెలుగు పంతులు ఉద్యోగం, చుట్టుపక్కల ఏ సభ జరిగినా మైకు నా చేతికే. బడి వార్షికోత్సవం సంచికలో 'మా క్లాసు జూ' అని నా పేరుతోనే అచ్చువేయించుకున్నాను. ఆమె పరీక్షలు రాసి పాసైందనీ, పెళ్లయి ఆదిలాబాద్ దిక్కు పోయిందనీ విన్నాను. అడవులు దాటిపోయిన మనిషి మళ్లీ ఎదురుపడదులే అనుకున్నాను.

ఎదురుపడింది. సభ రోజు నేను స్టేజీ ఎక్కేసరికి మూడో వరసలో కూర్చుని ఉంది. జన్నారం మీదుగా రెండు బస్సులు మారి వచ్చిందట. జుట్టు నెరిసింది, కళ్లద్దాలు వచ్చాయి. పైన కుర్చీలో మా హెడ్మాస్టర్ సార్ శాలువాలో ఒదిగి కూర్చున్నారు, ఎనభై దాటాయి. మైకు పట్టుకున్నాను. కాగితం తియ్యలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఈ మాటలు రాసింది ఎవరో, చిలుక ఎవరో, తనకు పేరు పెట్టొద్దని అడిగిన మనిషికి నేను ఏం పేరు పెట్టానో. అప్పుడు ఒంటె లేచాడు. 'అంటే గిన్నేండ్ల సంది నన్ను ఒంటె జేసింది గీమెనా?' అన్నాడు.

ఆమె కూర్చున్న చోటి నుంచే, 'అవు, నేనే. నా డబ్బల సల్ల మిరపకాయలు ఎవడు తిన్నడు మరి?' అంది. నవ్వులతో హాలు పగిలిపోయింది.

నవ్వులు తగ్గాక ఆమె లేచి నా వైపు చూసింది. 'పంతులూ, గంత మందిల ఒప్పుకున్నవు, బాగున్నది. గని పెద్దసార్ ముచ్చట సగమే చెప్పుకుంట తిరిగినవట. మా ఊరి టీచర్లు గూడ చెప్తుంటే విన్న. కడమ సగం చెప్పు.' నాకు వెంటనే అర్థమైంది. ఆమె రాసింది ఇది: 'హెడ్మాస్టర్ సార్: నెమలి. వానొస్తే చాలు వరండాల ఎగురుకుంట తిరుగుతడు.' ఇక్కడ అందరూ నవ్వేవారు, నేను ఆపేసేవాణ్ణి. నవ్వు వచ్చిన చోట ఆపడమే నేను నేర్చుకున్న విద్య. కింద ఇంకో వరస ఉంది. అది చదివాను, కాగితం లేకుండానే. 'బడి రేకులు కురిసే కాడ ఎవరి పుస్తకాలు తడుస్తున్నయో సూసుకుంట.'

ఈసారి ఎవరూ నవ్వలేదు. సార్ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని విన్నారు. తనను నెమలి అన్నారని ముప్పై ఏళ్లుగా ఆయనకూ తెలుసు. ఎందుకన్నారో తెలియదు. 'బిడ్డా, నీ పుస్తకం ఎన్నడన్న తడిసిందా?' అని అడిగారు.

'తడువలే సార్' అంది ఆమె.

భోజనాల దగ్గర ప్లేటు పట్టుకుని ఆమె పక్కకు పోయి నిలబడ్డాను. ఆనాడు లెక్కల సార్ కట్టెకు అడ్డం వచ్చినందుకు ఒక్కసారి కూడా కృతజ్ఞత చెప్పలేదని, ఇప్పుడు చెబుతున్నానని అన్నాను. ఇప్పటికీ కోపం ఉందా అని అడిగాను. ఆమె పప్పు కలుపుకుంటూ ఆలోచించింది. 'ఉన్నది. పరీక్షల దాక నాకు బడి మొకం సూడబుద్ధి గాలే తెలుసా? గది ఒక్క పూటల ఏడ వోతది? గిట్ల కలిసినప్పుడల్ల జర జర తగ్గుతది' అంది. తర్వాత నా ప్లేటులోకి చూసి, 'గింతేనా పెట్టుకున్నది? తిను, ఒంటె రాకముందే' అని నవ్వింది. ఇన్నేళ్లలో నేను పొందిన పొగడ్తలన్నీ కలిపినా నాకు ఆ నవ్వంత తృప్తి ఇవ్వలేదు.

నాలుగింటి బస్సుకు ఆమెను ఎక్కించి వచ్చాను. హాల్లో కుర్చీలు మడుస్తున్నారు. మా సింహం నాలుగేళ్ల కింద దుబాయిలో చనిపోయాడు. అతనికి చెప్పాల్సిన మాటలు కూడా నా దగ్గర కొన్ని ఉన్నాయి, అవి ఇక నాతోనే ఉంటాయి. కాలం అందరినీ మనం నోరు విప్పేదాకా బతికి ఉంచదు. ఆమెను ఉంచింది, అది నా గొప్ప కాదు.