చేటలో కుమ్మరించిన మాత్రలు

ఇంతకుముందు మీ పత్రికకు రెండుసార్లు రాశాను, మీరు వేయలేదు. ఓపిక లేకున్నా మూడోసారి రాస్తున్నాను.

మొన్న వేసవిలో అమ్మ, నెల వంతు ప్రకారం, కడపలో తమ్ముడింటి నుంచి కల్లూరులో మా ఇంటికి వచ్చింది. నాలుగో రోజే కళ్లు తిరిగి పడిపోయింది. "తిండి పెట్టకుండా పంపినావా?" అని తమ్ముణ్ని ఫోన్లో నానా మాటలన్నాను. ఆసుపత్రిలో గ్లూకోజు ఎక్కించి పంపారు. వారానికి మళ్లీ పడింది, మళ్లీ అదే ఆసుపత్రిలో చేర్చాం. కారణం అడిగితే చెప్పిన వాళ్లు లేరు.

చివరికి, ముసలివాళ్ల బాగోగులు చూసే ఒక ట్రస్టు నుంచి మాబున్నీ సిస్టర్ వచ్చింది. అమ్మ మందుల సంచిని చేటలో కుమ్మరించింది. చీటీలన్నీ చదివి, అక్కడా ఇక్కడా అమ్మను చూసే ఇద్దరు డాక్టర్లకూ ఫోన్ చేసి, రెండు అట్టలు నా చేతిలో పెట్టింది.

"పేర్లే వేరన్నా, రెండూ ఒకటే షుగరు మాత్ర. కడప డాక్టరు ఒకటి రాసినాడు, మీ డాక్టరు ఒకటి రాసినాడు. నువ్వు రెండూ మింగిస్తాండావు, అందుకే షుగరు మరీ తగ్గి పడిపోతాంది."

మంచం మీద నుంచి అమ్మ అంది: "మాత్రలు శానా అయితాండాయని నేను మొత్తుకోలేదా? ఎవురిన్నారు?"

తమ్ముడికి ఫోన్ చేసి నా తప్పు ఒప్పుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది.

నా తప్పు నేను చెప్పుకున్నాను. రెండుసార్లు చేర్చుకున్న ఆసుపత్రిలో ఆ సంచి విప్పి చూసే మనిషి ఒక్కరైనా ఎందుకు లేరు? ఎవరో ఒకరు జవాబు చెప్పండి.