తెర జారే క్షణానికి ఒక లెన్స్

విరూర్ స్టేషన్‌లో పొద్దున ఏడింటికి రావలసిన ప్యాసింజర్ ఎనిమిదికి వచ్చింది. డబ్బాలో జొన్నరొట్టె, భుజాన కెమెరా సంచీతో అంతసేపూ బెంచీ మీదే ఉన్నాను. చంద్రపూర్ వెళ్లి ఇంకో ఫాస్ట్ లెన్స్ కొనాలో వద్దో తేల్చుకోవాలి.

మా మహారాష్ట్ర సరిహద్దు తెలుగు పల్లెల్లో పెళ్లికి ఎన్ని ఫోటోలు తీసినా, పటం కట్టించేది ఒక్కటే. అడ్డుతెర జారగానే పిల్లా పిల్లవాడూ ఒకరినొకరు చూసుకునే ఫోటో. మా ఊరి లచ్చన్న ఇంట్లో వాళ్లమ్మ పెళ్లిది నేనే తీశాను, లచ్చన్నదీ నేనే తీశాను. ఇప్పుడు అతని కూతురు సునీత పెళ్లి. నిశ్చయం నాడు పిల్లవాడి తరఫు వీడియో ఆయన అందరి ముందూ అన్నాడు: "తాతా, ముహూర్తం గోధూళికి. మండపంల చీకటుంటది. పెద్ద ఫాస్ట్ లెన్స్ లేకుంటే నీతోని కాదు."

లచ్చన్న నా మొహం చూడకుండా, "పెద్దాయనా, ఈసారి వాళ్లకే ఇడిచిపెడుదమా?" అన్నాడు.

ఎవరూ నేర్పకుండా, పాడైన ఫిల్ముల మీద నేర్చుకున్న విద్య నాది. వదిలిపెట్టడమేమిటి?

తెలియనివారి కోసం చెబుతున్నాను. లెన్స్ కన్ను ఎంత పెద్దగా తెరుచుకుంటే అంత వెలుతురు లోపలికి వస్తుంది. అలాంటివాటిని ఫాస్ట్ లెన్సులంటారు. నా దగ్గర ఒకటుంది. దానికన్నా పెద్ద కన్నుది చంద్రపూర్‌లో రాజన్న కెమెరా దుకాణంలో ఉందని విన్నాను.

రైల్లో ఎదురుగా సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే గుంటూరు వైపు ఇంజనీరు కూర్చున్నాడు. "ఫోన్లే తీసేస్తున్నాయి కదండీ, ఈ బరువెందుకు మోస్తారు?" అన్నాడు.

"ఫోన్ తీస్తది బిడ్డా. ఎప్పుడు నొక్కాల్నో ఎవలు చెప్తరు?" అన్నాను. అతను నవ్వి నా రొట్టెలో సగం తిన్నాడు.

బల్లార్షాలో దిగి చంద్రపూర్ వెళ్లే ఎస్టీ బస్సు, అంటే మహారాష్ట్ర ప్రభుత్వ బస్సు, ఎక్కాను. నా వయసు వారికి టికెట్ లేదు గాని ఆధార్ కార్డు చూపించాలి, మరచిపోవద్దు. కండక్టరు కార్డునీ నన్నూ మార్చి మార్చి చూసి, ఫోటో మీలాగా లేదన్నాడు మరాఠీలో. తీసింది నేను కాదు కదా అన్నాను నేనూ మరాఠీలోనే.

పదకొండింటికి చంద్రపూర్ జట్‌పురా గేటు దగ్గర దిగాను. రాజన్న లాల్‌పేట్ బొగ్గు గనుల్లో పనిచేసిన తెలుగు కుటుంబం వాడు. దుకాణం అతనూ, భార్య సరోజా చూసుకుంటారు.

"గిది పెట్టి చూడు కాకా. చీకట్ల గూడ పట్టపగలే," అని లెన్స్ చేతిలో పెట్టాడు. ధర వింటే ఎకరం పత్తి పెట్టుబడి గుర్తుకొచ్చింది.

"ట్యూబులైట్లు బంద్ చెయ్యి. ఇద్దరు ఎదురెదురుంగ నిలవడుండ్రి. నడుమ తువ్వాల పట్టుకోండ్రి," అన్నాను.

"మళ్ల లగ్గమా కాకా?" అంది సరోజ. "ఆగుండ్రి, ఈ మనిషే కావాల్నా అని జర సోంచాయిస్త."

నేను రాజన్న భుజం వెనక మూలకు నిలబడ్డాను. పెళ్లిలో తెర పట్టుకున్న మేనమామలు రెండు పక్కలా గుంజల్లా నిలబడతారు. ఫోటో తీసేవాడికి మిగిలేది ఆ మూలే. తువ్వాలు జారింది, నొక్కాను.

సరోజ కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టవచ్చు. రాజన్న మాత్రం పొగమంచులో మనిషి. అంత పెద్ద కన్ను తెరిస్తే దగ్గరి మొహమో దూరపు మొహమో, ఒక్కటే తేటగా వస్తుంది. చిన్నది చేస్తే మళ్లీ చీకటే. అప్పుడు దానికీ నా పాత లెన్సుకూ తేడా లేదు.

"పెండ్లిపిల్ల మొకం మంచిగొస్తే సాలు కాకా. అందరు గట్లనే తీస్తుండ్రు. పిలగాన్ని ఎవలు చూస్తరు?" అన్నాడు రాజన్న.

నాకు ఒళ్లు మండింది. "పిలగాన్ని మాపేస్తే, ఆ పిల్ల ఎవల్ని చూసి సిగ్గుపడుతున్నట్టు?"

నేనే వెళ్లి దుకాణం పక్క షట్టరు పైకెత్తి వెలుతురు రానిచ్చి, నా పాత లెన్స్ తగిలించి, కన్ను చిన్నది చేసి మళ్లీ తీశాను. ఇద్దరూ తేటగా వచ్చారు. సరోజ చాలాసేపు చూసి, "ఈయన నన్ను గిట్ల గూడ చూస్తడా? నాకొక్క కాపీ ఇయ్యి కాకా," అంది. రాజన్న లెన్సును తిరిగి డబ్బాలో పెట్టేశాడు.

మూడింటి బస్సుకు బల్లార్షా చేరి, రైలెక్కి లచ్చన్నకు ఫోన్ చేశాను. "మండపానికి ఉత్తరం దిక్కు బట్ట కట్టియ్యకు."

"ఆడ డీజే డబ్బాలు పెడుతరంట పెద్దాయనా. బామ్ని ఊరి డెకరేషనోళ్లకు మాటిచ్చిన."

"గోధూళికి ఆకాశమంత వెలుగే ఉంటది. దాన్ని ఎర్రబట్టతోని మూసి, చీకటున్నదని నన్నంటుండ్రు."

ఇంతలో ఫోన్ సునీత లాక్కుంది. "తాతా, బట్ట నేను ఇప్పిస్త. అమ్మ లగ్గం ఫోటోల నాయిన బెదిరిన మేకపిల్ల లెక్కుంటడు. మా అమ్మకు కోపమొచ్చినప్పుడల్ల అది చూసి నవ్వుతది. నాకు గూడ గసొంటిది కావాలె."

వెనక నుంచి లచ్చన్న గొంతు వినిపించింది: "సరే తియ్యి, డబ్బాలు దక్షిణం దిక్కు పెట్టిస్త."

విరూర్‌లో దిగేసరికి పొద్దు గూకుతోంది. ప్లాట్‌ఫారం మీద ఇద్దరు రైతులు ఎదురెదురుగా నిలబడి బీడీ ముట్టించుకుంటున్నారు. మూలకు నిలబడి, పాత లెన్సు కన్ను చిన్నది చేసి ఒకటి తీశాను. ఇద్దరి మొహాలూ, నెరిసిన మీసాలతో సహా వచ్చాయి. లచ్చన్న బిడ్డ పెళ్లి ఫోటో కూడా నేనే తీస్తున్నాను.