ఏనుగు ముందు గుంజీలు

జర్మనీలోని బ్యోబ్లింగెన్‌లో దిగే తెలుగు పిల్లలకు అందరికంటే ముందు అందే సాయం రవీంద్రనాథ్ ఫోన్ నంబరు. ఇంటి అడ్రసు రిజిస్టరు చేయించే ఆన్‌మెల్డుంగ్‌కి టెర్మిన్, అదే అపాయింట్‌మెంటు, దొరక్కపోయినా, ఇన్సూరెన్సు వాళ్ళ ఉత్తరం అర్థం కాకపోయినా, ఇంటాయన డిపాజిట్ తిరిగివ్వనని మొండికేసినా ఆ నంబరుకే కొట్టాలి. ఆయన విసుక్కోడు, పనుందనడు, తెలియదని అసలే అనడు. చిక్కల్లా ఒకటే. అవునా కాదా అని అడిగితే అవుననిగానీ కాదనిగానీ ఆయన ఇంతవరకూ చెప్పి ఎరగడు.

క్లాస్తాల్‌లో చదువు ముగించి ఉద్యోగం వెతుక్కుంటూ వచ్చిన సాయి తేజ ఒక శనివారం సాయంత్రం ఫోన్ చేసి, "అన్నా, ఇక్కడ ఆదివారం షాపులు తీస్తారా?" అని అడిగాడు. జర్మనీలో ఆదివారం ఎందుకు సెలవో, చర్చి ఏమందో, యూనియన్లు ఏమన్నాయో, తెనాలి నుంచి వచ్చిన కొత్తలో తాను ఒక ఆదివారం పాలు లేక ఎలా అవస్థ పడ్డాడో రవీంద్రనాథ్ పూసగుచ్చినట్టు చెప్పాడు. చెప్పి ముగించేసరికి శనివారం షాపులు కూడా మూసేశారు. ఆ కుర్రాడు సోమవారం దాకా ఆయన ఇంట్లోనే భోంచేశాడు. ఆ మాటకొస్తే ఆయన మంచితనానికి వంక పెట్టేవాళ్ళు ఎవరూ లేరు.

బ్లూ కార్డు వీసా కొత్తగా వచ్చిన రోజుల్లోనే ఆయన ఇక్కడికి వచ్చాడు. కార్లలో నడిచే సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించే ఉద్యోగం. ఆఫీసు మీటింగుల్లో ఆయన వంతు ఎప్పుడూ భోజనానికి ముందే పెడతారట. అది తన మాటకున్న విలువ అని ఆయన అనుకుంటాడు. ఆకలే ఆయనకు ఆనకట్ట అని ఆయన పైఅధికారి కనిపెట్టిన సంగతి ఆయనకు తెలియదు.

ఇక ఇంట్లో. ఆయన భార్య భానుమతి మాట్లాడదని కాదు. మొదలుపెడుతుంది, ఆయన పూర్తి చేస్తాడు. మైక్రోబయాలజీ చదివి, పెళ్ళికి ముందు హైదరాబాదులో ఒక ల్యాబులో పనిచేసింది. ఇక్కడికొచ్చాక జర్మన్ నేర్చుకుంది, కూతురు ఈషాను కీటా అనే పసిపిల్లల బడిలో వేసి ఒక ఆసుపత్రి ల్యాబులో సగం పూట పని సంపాదించుకుంది. ఈమధ్య మ్యూనిక్ పక్కన గార్చింగ్‌లో ఉన్న ఒక పరిశోధన సంస్థ ఆమెను పూర్తి ఉద్యోగానికి పిలిచింది. ఆలోచించుకుని చెప్పమని కొన్ని వారాలు గడువిచ్చింది.

ఒకరోజు పప్పు తాలింపు వేస్తూ భానుమతి, "ఏమండీ, గార్చింగ్ వాళ్ళు నాకు..." అంది.

"గార్చింగా! యూ-బాన్ మెట్రో ఆరో నంబరు తిన్నగా వెళ్తుంది," అని అందుకున్నాడు రవీంద్రనాథ్. అక్కడి నుంచి మ్యూనిక్‌లో మీటె, అంటే ఇంటద్దె, ఎంత మండిపోతోందో, రోజూ వెళ్ళిరావాలంటే రైళ్ళు ఎంత ఆలస్యమో, వారంలో నాలుగు రోజులు అక్కడే ఉంటే ఈషా చదువు ఏమవుతుందో, బవేరియా బడులకూ ఇక్కడి బడులకూ తేడా ఏమిటో చెప్పుకుపోయాడు. తాలింపు మాడింది. భానుమతి దాన్ని పారబోసి మళ్ళీ వేసింది. ఆ తర్వాత రెండు మూడుసార్లు ఎత్తింది. ఎత్తినప్పుడల్లా ఆయన మరో కోణం కనిపెట్టాడు. భార్య జీవితంలో ఇంత పెద్ద నిర్ణయానికి తాను ఇంత చక్కగా సలహా ఇస్తున్నందుకు ఆయనకు లోలోపల గర్వంగా కూడా ఉండేది. ఆవిడ అడిగింది సలహా కాదని, ఆవిడకు వెళ్ళాలని ఉందని, ఆ ఒక్క ముక్క చెప్పడానికే సందు దొరకడం లేదని ఆయనకు తట్టలేదు.

గడువు ఇంకా కొన్నాళ్ళుందనగా వాళ్ళ పెళ్ళిరోజు వచ్చింది.

"ఈసారి హాలొద్దు, కేకొద్దు, మైకు అసలొద్దు," అంది భానుమతి. "బోట్స్వానా వెళ్దాం. ఒకవాంగో చిత్తడి నేలల్లో నడిచే సఫారీ అంట. నేను బుక్ చేసేశా."

ఇంత పొడుగు మాట ఆవిడ అడ్డం లేకుండా చెప్పగలగడానికి కారణం ఆ సమయానికి ఆయన నోట్లో మైసూరు బజ్జీ ఉండటమే. మింగాక ఎగిరి గంతేశాడు. మర్నాటి నుంచి బ్యోబ్లింగెన్‌లో ఒకవాంగో గురించి తెలియని తెలుగువాడు లేకుండా చేశాడు. నది సముద్రంలో కలవకుండా ఎడారి ఇసుకలో ఎలా ఇంకిపోతుందో, సింహాన్ని చూసి పరుగెత్తకూడదని ఎందుకంటారో వీసా గురించి ఫోన్ చేసినవాళ్ళక్కూడా చెప్పాడు. తలనుంచి కాలిదాకా ఖాకీ కొన్నాడు. అది వేసుకుని అద్దం ముందు నిలబడితే అచ్చం అటవీశాఖ ఆఫీసులో అటెండరులా ఉన్నాడు.

"పాపా, నువ్వు లయన్స్‌కి కూడా ఆన్‌మెల్డుంగ్ ఎక్స్‌ప్లెయిన్ చేస్తావా?" అని అడిగింది ఈషా. నాన్నను జర్మన్ పిల్లల్లా పాపా అని పిలిచే పన్నెండేళ్ళ పిల్ల. ఆ వారం స్నేహితురాలి ఇంట్లో ఉండబోతున్నందుకు మంచి హుషారు మీద ఉంది.

సఫారీ కంపెనీ వాళ్ళు పంపిన నియమాలన్నీ రవీంద్రనాథ్ చదివాడు, ఒక్కటి తప్ప. నడకలో ఎవరూ మాట్లాడకూడదన్నది ఆ ఒక్కటి. భానుమతి దాన్ని రెండుసార్లు చదివింది.

చిన్న విమానం దిగి, పడవెక్కి క్యాంపుకు చేరేసరికి రవీంద్రనాథ్ కళ్ళు చెదిరాయి. గుడారమంటే ఆయన స్కౌట్ల గుడారం అనుకున్నాడు. ఇక్కడ గుడ్డ గోడల మధ్య చెక్కనేల, దోమతెర కట్టిన పందిరిమంచం, రాగి తొట్టిలో వేణ్ణీళ్ళు, వాకిట్లో నీళ్ళ మీదికి చాచిన వరండా. పొద్దున్నే టీ మంచం దగ్గరికే వస్తుంది. దాంట్లో అల్లం ఎంత దంచాలో, పాలు ఎప్పుడు పోయాలో ఆయన వంటాయనకు వివరించాడు. ఆ వంటాయన ఎంతో మర్యాదగా విని, మర్నాడూ అదే టీ తెచ్చాడు.

దారి చూపే మనిషి పేరు కబెలో. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. పొద్దున బయల్దేరే ముందు అందరినీ వరసలో నిలబెట్టి చెప్పాడు. ఒకరి వెనక ఒకరు నడవాలి. మాట్లాడకూడదు. అరచెయ్యి వెనక్కి చూపిస్తే ఆగాలి. ఏ జంతువు ఎదురైనా గుంజ పాతినట్టు నిలబడాలి. ఎందుకో చెబుదామని రవీంద్రనాథ్ నోరు తెరిచాడు. కబెలో పెదవుల మీద వేలు పెట్టాడు. నడక మొదలైపోయింది.

ముందు తుపాకీతో కబెలో, వెనక భానుమతి, ఆమె వెనక హాంబుర్గ్ నుంచి వచ్చిన ముసలి దంపతులు, చివర్న మన రవీంద్రనాథ్. మొదటి గంట ఆయన పడ్డ యాతన పగవాడికి కూడా వద్దు. మోకాలి లోతు నీళ్ళు, తెల్ల కలువలు, దూరంగా చెంగు చెంగున నీళ్ళు చిమ్ముతూ పరుగెత్తే ఎర్రజింకలు. ఒక్కొక్కదానికీ ఆయన దగ్గర ఒక్కొక్క ఉపన్యాసం సిద్ధంగా ఉంది. ఏదీ బయటికి రావడానికి లేదు. గొంతులో మాటలు బస్టాండులో జనంలా తోసుకుంటున్నాయి.

చేసేదేం లేక చూడటం మొదలుపెట్టాడు. ముసలి దంపతుల భుజాల మీదుగా భార్య కనిపించింది. భానుమతి ఇలా నడుస్తుందని ఆయనకు తెలియదు. బ్యోబ్లింగెన్‌లో ఎప్పుడూ ఆయనే చెప్పుకుంటూ ముందు నడుస్తాడు. ఇక్కడ ఆవిడ అడుగులో అడుగు వేస్తూ, ఆగి వంగి, రెల్లు మొదలు దగ్గర నీళ్ళు దోసిట్లోకి తీసుకుని, కబెలో వంక కళ్ళతోనే ఏదో అడిగి, నవ్వుకుని లేస్తోంది. ఈ వయసులో ఇంత చురుకేమిటని ఆయనకు ఆశ్చర్యం, కాస్త ఈర్ష్య కూడా కలిగాయి.

ఎత్తుగా ఉన్న ఒక దిబ్బ మీద చెట్టు కింద కబెలో అందరినీ కూర్చోబెట్టి, ఇక్కడ మెల్లగా మాట్లాడుకోవచ్చన్నాడు. రవీంద్రనాథ్ ఊపిరి పీల్చుకుని మొదలుపెట్టేలోపే భానుమతి కబెలోతో ఇంగ్లీషులో చెబుతోంది. ఈ నీళ్ళు ఇంత తేటగా ఉండటానికి రెల్లు వేళ్ళ దగ్గర బతికే కంటికి కనిపించని ప్రాణులే కారణమంది. జర్మనీలో ఎండిపోయిన చిత్తడి నేలల్ని మళ్ళీ బతికించాలని చూస్తున్నారని, ఆ పనికే గార్చింగ్‌లో తనను పిలిచారని చెప్పింది.

"వెళ్తున్నారా?" అన్నాడు కబెలో.

"ఇంకా తెలీదు. ఇంట్లో ఇంకా మాట్లాడుకోలేదు," అంది భానుమతి.

రవీంద్రనాథ్‌కు ముందు కోపం వచ్చింది. మాట్లాడుకోలేదా? నోరు నొప్పెట్టేలా మాట్లాడానే! ఆ తర్వాత చెవులు వేడెక్కాయి. రైళ్ళ గురించి, అద్దెల గురించి, బడుల గురించి అంతంత చెప్పిన తాను, ఆ ఉద్యోగం ఏమిటో ఒక్కసారి కూడా అడగలేదు. చిత్తడి నేలల గురించి ఊరంతా చెప్పుకొచ్చాడు. ఇంట్లోనే వాటి సంగతి తెలిసిన మనిషి ఉందని పరాయి దేశంలో పరాయి మనిషి అడిగితే తెలిసింది. ఆయనకు నిజంగా సిగ్గేసింది.

ఆ సిగ్గులోనే తల దించుకుని నడుస్తున్నాడు. క్యాంపు ఇంకాస్త దూరం ఉందనగా కబెలో అరచెయ్యి వెనక్కి చూపించాడు. అందరూ ఆగారు. రెల్లు పక్కకు తప్పుకుంది. ఏనుగు. పెద్ద దంతాల మగ ఏనుగు. గుడి ఏనుగుల్ని చూసిన కంటికి అది ఏనుగులా లేదు, మేడలా ఉంది.

తర్వాత జరిగినదానికి రవీంద్రనాథ్ బుర్రకు బాధ్యత లేదు. తెనాలిలో ప్రతి పరీక్షకూ ముందు వినాయకుడి గుడికి పరుగెత్తిన ఒళ్ళది. కుడిచెయ్యి ఎడమ చెవిని, ఎడమచెయ్యి కుడి చెవిని వాటంతట అవే పట్టుకున్నాయి. మోకాళ్ళు వంగాయి, లేచాయి, మళ్ళీ వంగాయి. నోరు గట్టిగా శ్లోకం ఎత్తుకుంది. పుట్టి బుద్ధెరిగాక ఇంత భక్తితో ఆయన గుంజీలు తీసి ఎరగడు. దేవుడు మాత్రం చెవులు విప్పి, తల విదిల్చి, ముందుకు రెండడుగులు వేశాడు.

"ఏమండీ," అంది భానుమతి తల తిప్పకుండా. గొంతు పెంచలేదు. "కదలబాకండి. నోరు మూసుకోండి."

రవీంద్రనాథ్ నోరు మూసుకున్నాడు. కదలవద్దని ఆజ్ఞ అయ్యేసరికి ఆయన సగం గుంజీలో ఉన్నాడు. చెవులు పట్టుకుని, కూర్చోకుండా లేవకుండా అలాగే ఉండిపోయాడు. తొడలు వణికాయి, ఖాకీ లాగు కుట్టు ఎక్కడో పటుక్కుమంది. ఏనుగు ఆయన్ని చాలాసేపు చూసింది. ఆఫ్రికాలో ఇన్నాళ్ళు బతికి ఇటువంటిది ఎన్నడూ చూడలేదన్నట్టు చూసి, నింపాదిగా నీళ్ళలోకి దిగిపోయింది.

క్యాంపుకు వచ్చాక కబెలో నవ్వలేదు. రేపటి నడకకు ఆయన్ని తీసుకెళ్ళలేనన్నాడు. అందరి ప్రాణాలూ తన బాధ్యతన్నాడు. "మేడమ్, మీ ఇష్టం. ఆయనకు తోడుగా ఉండాలంటే ఉండండి."

రవీంద్రనాథ్‌కు ఇందులో సందేహమే లేదు. భానుమతి ఉండిపోతుంది. జ్వరమొచ్చినా, ఆఫీసు పార్టీ అయినా, ఆయన ఆగితే ఆవిడ ఆగడమే అలవాటు. మర్యాదకు, "ఫర్వాలేదులే భానూ, మనం ఇక్కడే వరండాలో..." అని మొదలుపెట్టాడు.

"నేను వెళ్తాను," అంది భానుమతి.

ఈసారి ఆయన పూర్తి చేయడానికి అందులో ఏమీ మిగల్లేదు. కబెలో తలూపి వెళ్ళిపోయాడు.

మర్నాడు వరండాలో ఒంటరిగా కూర్చున్నాడు రవీంద్రనాథ్. వంటాయన పనిలో ఉన్నాడు. మాట్లాడటానికి మనిషి లేక తనతో తాను మాట్లాడుకున్నాడు. కాసేపటికి తనకే విసుగొచ్చింది. భార్య రోజూ దీన్ని ఎలా భరించిందా అనుకున్నాడు. ఆవిడ మొదలుపెట్టి వదిలేసిన మాటలు, తాను లాక్కుని ఎక్కడికో తోలుకుపోయినవి, ఇన్నేళ్ళలో ఎన్ని ఉంటాయో అన్న తలపుకి నిన్నటి ఏనుగును మించి భయం వేసింది.

భానుమతి మోకాళ్ళదాకా బురదతో, ఎండకు కందిన మొహంతో వచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"ఏం చూశావు?" అన్నాడు. అని, నోరు మూసుకున్నాడు.

భానుమతి అనుమానంగా చూసింది. ఆయన ఏమీ అనకపోయేసరికి చెప్పడం మొదలుపెట్టింది. నీటిగుర్రాలు చేసిన కాలవల గురించి, రెల్లు కింద నల్లమట్టి గురించి, దాన్ని చేతిలోకి తీసుకుంటే వచ్చే వాసన గురించి, ఆ వాసనతో హైదరాబాదు ల్యాబు గుర్తొచ్చి ఏడుపొచ్చిన సంగతి గురించి. నడుమ చాలాసార్లు ఆయన పెదవులు కదిలాయి. ప్రతిసారీ టీ తాగి మింగేశాడు. చెప్పి చెప్పి చివరికి, "నాకు గార్చింగ్ వెళ్ళాలనుందండీ," అంది.

అద్దెలు, రైళ్ళు, బడులు అన్నీ ఆయన నాలుక చివరికి వచ్చి నిలబడ్డాయి.

"ఎప్పుడు చేరాలి?" అన్నాడు.

భానుమతి కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

ఇప్పుడు ఆవిడ వారంలో నాలుగు రోజులు గార్చింగ్‌లో ఉంటుంది. బ్యోబ్లింగెన్‌లో వంట, ఈషా బడి, బట్టలు రవీంద్రనాథ్ వంతు. ఆయన పూర్తిగా మారిపోయాడనుకునేరు, అదేం లేదు. మొన్న కూడా ఎవరో పిల్ల మీటె గురించి ఒక ముక్క అడిగి, ఫోన్ చార్జింగ్ అయిపోయేదాకా విన్నది. కానీ సాయంత్రం భార్య ఫోన్ రాగానే స్పీకరు పెట్టి, కూరగాయలు తరుగుతూ కూర్చుంటాడు.

మొదటి వారం ఈషా హోంవర్కు వదిలేసి కంగారుగా వంటింట్లోకి వచ్చింది. "పాపా, ఏమైంది? కాల్ కట్ అయిందా? నీ వాయిస్ రావట్లేదు."

"లేదమ్మా," అన్నాడు రవీంద్రనాథ్ గొంతు తగ్గించి. "అమ్మ చెప్తోంది."