రాత పడని కార్డు

నా భార్య పోయాక వచ్చిన మొదటి శ్రావణం. బోడినాయకనూరులో వాళ్ళ అక్క ఇంట్లో శుక్రవారం పూజకు చేరే ఆడవాళ్ళకు ఏటా నోము కథ ఆమే చెప్పేది. అక్కడి వాళ్ళంతా తమిళంలో చదువుకున్నవాళ్ళు; ఇంట్లో తెలుగే మాట్లాడినా, తెలుగు పుస్తకం పట్టుకుని చదవగలిగినవారు లేరు. ఈసారి కథ ఎవరు చెప్తారని ఎవరూ బయటికి అడగలేదు. నా దగ్గర ఆమె గొంతుతో ఆ కథ రికార్డింగు ఒకటి ఉంది.

స్విచ్ వేస్తే చెల్లెలి గొంతు రావాలి, ఇంకేమీ నొక్కే పని ఉండకూడదు అంది ఆ అక్క, నాకు వదిన. అరచేతిలో పట్టే లినక్స్ కంప్యూటర్ బోర్డు, ఒక స్పీకరు కొని పెట్టెలో బిగించాను. మదురైలో నా బల్ల మీద బాగానే పలికింది. వదిన ఇంట్లో పెట్టిన కొద్దిరోజులకే మెమరీ కార్డు చెడిపోయింది.

ఆ ఇంటి ముందు భాగం ఏలకుల కొట్టు. ఎండిన సరుకు, గోనెసంచులు, నిప్పు భయం. కొట్టు మూసేటప్పుడు మెయిన్ స్విచ్ దించేయడం వాళ్ళ తాతల నాటి అలవాటు. పూజగదికీ అదే లైను. లినక్స్ ఊరికే ఉన్నట్టు కనిపిస్తూనే కార్డు మీద ఏదో ఒకటి రాసుకుంటూ ఉంటుంది. రాస్తుండగా కరెంటు తెగితే కార్డు పాడవుతుంది. ముందుగా పెట్టెను షట్‌డౌన్ చేయమని చెప్పి చూశాను.

"కొట్టు మూసేదానికి దీని దగ్గర సెలవు తీసుకోవల్లా?" అని వదిన భర్త అడిగాడు. ఆయన అడిగినదాంట్లో తప్పులేదు.

కొత్త కార్డు వేసి, ఫైల్‌సిస్టమ్‌ను రాతకు మూసేశాను. ఇక కార్డును చదవడమే; రాయక తప్పనివి ర్యామ్‌లో రాసుకుంటుంది, కరెంటుతో పాటే అవీ పోతాయి. దుఃఖంలో ఉన్నవాడికి ఇలాంటి ఏర్పాటు గురించి పెద్ద మాటలు తోస్తాయి. వాటిని పక్కన పెట్టి వైరు పీకి చూశాను. తిరిగి పెట్టిన ప్రతిసారీ ఆమె మొదటి మాట నుంచి మొదలుపెట్టింది.

నోముకు ముందురోజు బస్సులో తీసుకెళ్ళి వినిపించాను. వదిన కాసేపు విన్నది.

"దీనికి మూచ్చే లేదే తంబి. నేను ఊ ఎప్పుడు కొట్టేది?"

ఊపిరి తీసుకోవడం లేదని ఆమె ఫిర్యాదు. అక్షింతలు పట్టుకుని కూర్చున్నవాళ్ళు ప్రతి వాక్యానికీ ఊ కొట్టాలి. చెప్పేవాళ్ళు దానికోసం ఆగాలి. నా భార్య ఒక్కతే కూర్చుని రికార్డు చేసినప్పుడు కూడా ఆగింది. శుభ్రం చేస్తున్నాననుకుని ఆ ఖాళీలన్నీ నేను కత్తిరించేశాను.

అసలు రికార్డింగు ల్యాప్‌టాప్‌లో ఉంది. కాపీ చేసి, స్విచ్ ఆపి మళ్ళీ వేస్తే పాత కథే వచ్చింది. నేను కాపీ చేసింది ర్యామ్‌లోకి పోయింది. వేసిన తాళం నాకూ వర్తించింది. తాళం తీసి, కార్డు మీద రాసి, మళ్ళీ మూశాను.

మర్నాడు ఆడవాళ్ళు ఊ కొడుతుంటే కథ సగం దాకా సాగింది. అప్పుడు వీధంతా కరెంటు పోయింది. పెట్టెకు బ్యాటరీ పెట్టలేదు. కథ మధ్యలో లేవకూడదు కనుక అందరూ అలాగే కూర్చున్నారు. కొంతసేపు చూసి వదిన, చెల్లెలు ఆగిన చోటు నుంచి, కొంత తెలుగు, కొంత తమిళం కలిపి మెల్లగా అందుకుంది. ఒకరు ఊ అన్నారు. తరువాత అందరూ అన్నారు.

ఆమె చెప్తుండగానే కరెంటు వచ్చింది. కార్డు చెడలేదు. నా భార్య మళ్ళీ మొదటి నుంచి చెప్పసాగింది.

"దాన్ని నిలిపేయి తంబి," అంది వదిన. "సగంలో ఉండాను, నేనే ముగిస్తా. అది ఏడికీ పోదు."

నేను షట్‌డౌన్ చేయకుండానే ప్లగ్గు పీకేశాను. వదిన ఒక వాక్యం వెనక్కి వెళ్ళి, కథ అందుకుంది.